కొప్పు ఎగిరిపోయిన చుట్టిల్లు

ఒకప్పుడు, అంటే మన ఒంట్లో ఎముక అనేదే లేని రోజుల్లో, మనుషులు వానపాముల్లా నేల మీద పాకేవాళ్ళు. లేచి నిలబడటం ఒక్కరికీ తెలియదు. సముద్రం ఒడ్డున ఒక చుట్టిల్లు, అంటే గుండ్రటి తాటాకు ఇల్లు, కట్టుకోవాలంటే ఊరంతా చేరి, ఒంటితో చుట్టుకుని, లాగి లాగి ఒక్కో కర్ర లేపేవాళ్ళు. ఎన్ని పాట్లో!

మరి గాలివాన వస్తే? ఇంట్లో దూరినవాళ్ళు బతికేవాళ్ళు. బయట చిక్కినవాళ్ళను గాలి ఎండుటాకుల్లా ఎత్తుకుపోయేది.

ఆ ఒడ్డునే నూకాలు అని ఒక తల్లి ఉండేది. నిరుటి గాలికి ఆమె పెద్ద కొడుకు పోయాడు. ఇప్పుడు మళ్ళీ ఒక పసివాడు పుట్టాడు. వీడినైనా దక్కించుకోవాలని ఆమెకు ఒకటే దిగులు. ఇల్లు మట్టిగోడల వల్లే నిలబడుతోందనుకుంది పిచ్చితల్లి. అందుకని బిడ్డ ఒంటికి రోజూ తడిమట్టి మెత్తేది. నీళ్ళు పోస్తే ఆ మట్టి కాస్తా కరిగిపోయేది, పసివాడు మళ్ళీ మెత్తగా ఒరిగిపోయేవాడు.

ఒకనాడు సముద్రం మీంచి పెనుగాలి లేచింది. నూకాలు బిడ్డతో ఇంట్లోకి దూరింది. వానకు గోడల మట్టంతా జారి నీళ్ళలో కలిసిపోయింది. అయినా ఇల్లు పడలేదు! లోపలి కర్రలు బయటపడి, గట్టిగా నిలబడే ఉన్నాయి.

గాలికి కోపం వచ్చింది. కప్పు నడినెత్తిన ఉండే తాటాకుల కొప్పును పెరికి సముద్రంలోకి విసిరేసింది. ఆ కంతలోంచి తొంగిచూసి, "బిడ్డను ఇలా తే!" అని హూంకరించింది.

నూకాలు ఏడ్చింది. "ఇల్లమ్మా, గోడలన్నీ పోనాయి. నువ్వింకా ఎలాగ నిలబడ్డావు? ఆ బలమేదో నా బిడ్డకియ్యవా? పెద్దోడు పోనాడు. ఈడు కూడా పోతే నాను బతకనే!"

కర్రలు ఇచ్చేస్తే తనింక ఉండదని చుట్టిల్లుకు తెలుసు. అయినా ఇలా అంది:

"నన్ను నిలబెట్టింది గోడ కాదమ్మా, లోపలున్న కర్ర. తీసుకో. కానీ ఒక్కరికే సరిపోతాది. నీకా, బిడ్డకా?"

"అదేటి మాటమ్మా? బిడ్డకే."

ఇంటి నడుమ నిలిచి కప్పును మోసే నిట్రాడు పసివాడి వీపులోకి వెళ్ళి వెన్నెముక అయింది. వాసాలు వంగి పక్కటెముకలై గుండె చుట్టూ చేరాయి. గుంజలు కాళ్ళలోకీ చేతుల్లోకీ వెళ్ళాయి. కర్రకూ కర్రకూ వేసిన కట్లు కీళ్ళయ్యాయి. గుండ్రటి కప్పు తలలో చేరి పుర్రె అయింది.

"తల్లీ, కొప్పు గాలి పట్టుకుపోనాది. బిడ్డ నడినెత్తిన కంత ఉండిపోనాది. అక్కడ కప్పడానికి నా దగ్గరేటీ లేదు" అంది ఇల్లు. అదే దాని ఆఖరి మాట. ఇల్లున్న చోట నీళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు.

గాలి ఆ కంతలో దూరి బిడ్డను లాక్కుపోవాలని కిందికి దూకింది. నూకాలు బిడ్డను చుట్టుకుని, ఆ కంత మీద అరచెయ్యి అదిమిపెట్టింది. గాలి లాగింది. ఆమె ఒళ్ళంతా సాగిపోయింది, చెయ్యి మాత్రం తియ్యలేదు. ఎముకలున్న బిడ్డ బరువుగా నేలను పట్టుకున్నాడు. ఆ బిడ్డను ఆమె పట్టుకుంది. గాలి అలిసి వెళ్ళిపోయేదాకా అలాగే ఉన్నారు.

ఆ చెయ్యి కిందే మెల్లమెల్లగా ఎముక కమ్ముకుంది. పసివాడు పెరిగి, లేచి నిలబడ్డాడు. నూకాలు బతికినన్నాళ్ళూ నేల మీద పాకుతూనే, తలెత్తి కొడుకును కళ్ళారా చూసుకుంది.

మనమంతా ఆ బిడ్డ సంతతే. అప్పటినుంచే మన ఒంట్లో ఇంటి కర్రలు ఎముకలై నిలిచాయి. అప్పటినుంచే పుట్టిన ప్రతి బిడ్డకూ నడినెత్తిన మాడు మెత్తగా ఉంటుంది. తల్లులు అక్కడ ఆముదం పెట్టి, అరచెయ్యి ఆనించి, ఎముక కమ్ముకునేదాకా కాపాడుకుంటారు.