ఓబులేసు ఇంటికి వచ్చిన లారీగడ్డి సర్వే

ఊర్లో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని, బయట తిరిగేదంతా తాము వాడుకోగా మిగిలిందని ఓబులేసు నమ్మకం. ఆయన పెండ్లాం ఎర్రక్కకూ అదే నమ్మకం. తమ్ముడు తిప్పన్నకైతే నమ్మకంతో కూడా పనిలేదు, అన్న చెప్పినాడంటే అయిపోయింది.

"మనుషులు యాడ చెడిపోతారో తెలుసునా? ఎదుటోడు ఒకటి చెప్తే వీళ్ళు ఇంకొకటి చేస్తారు. మనం అట్ల కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అనేవాడు ఓబులేసు.

అది నిజమే. పక్కింటి ఈరమ్మ ఒకసారి "పాలు పొంగేదాకా చూస్తా ఉండు నాయనా" అని పొయ్యి కాడ కూర్చోబెట్టి పోయింది. ఓబులేసు పొంగేదాకా చూసినాడు. పొంగి పొయ్యిలో పడేదీ చూసినాడు. పొంగినాక ఏం చెయ్యాల్నో ఆమె చెప్పలేదు మరి.

వాళ్ళకు ఉండేది రెండెకరాల బీడు, చుక్క అనే ఒక్క బర్రె. రోడ్డు వేసేటప్పుడు మట్టి లారీలు వచ్చినాయి, ఆ మట్టితో ఒక కొత్త గడ్డి వచ్చింది. దాని పేరు ఎవరికీ తెలీక అందరూ లారీగడ్డి అన్నారు. మోకాలెత్తు లేస్తుంది, పక్కన ఇంకో గడ్డిని బతకనియ్యదు, పశువు దానికి మూతి పెట్టదు. చూస్తా ఉండంగానే సగం బీడు దాని పాలైంది. పూటకు నాలుగు లీటర్లిచ్చే చుక్క ఒకటిన్నరకు దిగింది.

"మిగతా సగం కూడా పోయిందంటే చుక్కను సంతకు తోలాల్సిందే" అన్నాది ఎర్రక్క.

ఆ పొద్దు ఓబులేసు కూడు ముట్టలేదు. చుక్క ఆయన చేతుల్లో పుట్టిన దూడ. పెండ్లాం అలిగితే తట్టుకుంటాడు గానీ చుక్క అలిగితే తట్టుకోలేడు.

అట్లాంటప్పుడు టౌను కాలేజీ నుంచి హిమజ అనే అమ్మాయి గొడుగేసుకొని, కాగితాల కట్ట పట్టుకొని వచ్చింది. ఈ కొత్త గడ్డితో భూములున్నోళ్ళు ఎట్ల నెట్టుకొస్తా ఉన్నారో ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటుందంట.

"నేను మీకేదో చెప్పడానికి రాలేదన్నా. మీ దగ్గర నేర్చుకోవడానికి వచ్చాను" అన్నాది.

ఓబులేసు మొగం వెలిగిపోయింది. "నేర్చుకునేదానికా? మంచిది పాపా. తిప్పన్నా, చెంబు తీసుకురా."

అంతే. ఆ అమ్మాయిని పాలు పితకమని చుక్క పక్కన గొంతుక్కూర్చోబెట్టినారు. చుక్క ఒక్క తన్ను తన్నింది. చెంబు ఒక దిక్కు, పాప ఒక దిక్కు, కాగితాలు పేడలో.

"ఇప్పుడన్నా ప్రశ్నలు అడగనా?" అన్నాది పాప, మొగం తుడుచుకుంటా.

"పేడ ఎత్తేది నేర్చుకోలేదే ఇంకా" అన్నాడు ఓబులేసు.

అది కూడా అయినాక ఆ అమ్మాయి తిప్పన్నను పిలిచింది. "ఈ గడ్డి వల్ల ఏమైందో నీ సొంత మాటల్లో చెప్పన్నా."

తిప్పన్న బిక్కమొగమేసినాడు. "మాటలన్నీ మా నాయిన నేర్పినవి పాపా. నాకు సొంతానికి గోచిగుడ్డంత భూమి కూడా లేదు, మాటలు యాడుంటాయి?"

పాప ఎర్రక్క దిక్కు తిరిగింది. "అక్కా, ఈ గడ్డితో నీకెంత కష్టంగా ఉందో ఒకటి నుంచి ఐదులోపల చెప్పు."

"ఒకటి నుంచి ఐదా? మొదలుపెడతా. ఒకటి. పొద్దున్నే లేస్తానా. రెండు. బీడుకు పోతానా..." ఐదుకొచ్చేసరికి ఎర్రక్కకు ఏడుపొచ్చింది. "ఇంకా ఉంది పాపా, పది దాకా చెప్పుకోనియ్యి."

పొద్దు వాలింది. పాప లేచి పోతా పోతా చెప్పింది. "కొన్నాళ్ళకు మళ్ళీ వస్తాను. ఇవే ప్రశ్నలు అడుగుతాను. అప్పటిదాకా నా కోసం మీరేమీ మార్చొద్దు. అసలు నేను రానట్టే ఉండండి."

రోడ్డుదాకా పోయి, గొడుగు మరిచిపోయినానని వెనక్కొచ్చింది.

"ఎవరు కావాలమ్మా?" అన్నాడు ఓబులేసు.

"నేనే అన్నా. గొడుగు మరిచిపోయాను."

"ఈ ఇంటికి ఎవురూ రాలేదు కదా. మనిషి రాకుండా గొడుగెట్ల వస్తుంది?"

"అదిగో, మీ దూలానికే తగిలించి ఉంది."

ఓబులేసు దూలం దిక్కు చూసినాడు, తలొంచుకున్నాడు. "ఉంటే ఉండనీ. దాన్ని చూసినామంటే నువ్వు వచ్చినట్టవుతుంది."

పాప గొడుగు లేకుండానే పోయింది.

నాల్రోజులకు ఈరమ్మ వచ్చింది. "ఒరే ఓబులేసూ, ఊరంతా లారీగడ్డి పెరుకుతా ఉంది, మీరెందుకు కూర్చున్నారు? ఎన్ను ముదిరింది. ఇప్పుడే పెరకండి. ఒక్క గింజ నేల మీద పడకూడదు, జాగర్త. ఎండినాక నిప్పు పెట్టండి" అని చెప్పిపోయింది.

"ఏమీ మార్చొద్దని ఆ పాప చెప్పింది కదన్నా" అన్నాడు తిప్పన్న.

"ఏ పాపరా? ఎవురొచ్చినారు?"

"ఓ, అవును కదా."

ఇంకేముంది, ముగ్గురూ బీడులోకి దిగినారు. నేల మీద గింజ పడకూడదు కాబట్టి ఎర్రక్క పెండ్లి చీర కింద పరిచినారు. మూడు పొద్దులు పెరికినారు. గింజలన్నీ చీరలో పడినాయి, వాటిని ఒక కుండలోకి ఎత్తి మూత పెట్టినారు. గడ్డి యాడ ఎండబెట్టాల? వాకిలి నేలే, ఇల్లూ నేలే, మిద్దె మీద కూడా మట్టే. నేల కానిది ఇంట్లో మంచాలే.

నాలుగు మంచాలు వాకిట్లోకి తెచ్చినారు, వాటి మీద గడ్డి పరిచినారు. వారానికి బాగా ఎండింది. ఎండినాక నిప్పు పెట్టమన్నాది కదా, పెట్టినారు.

మంచాలతో సహా బూడిదైంది. ఆ రాత్రి నుంచి ముగ్గురూ కింద పండుకున్నారు.

"ఈరమ్మత్త మంచాల సంగతి చెప్పకపాయె" అన్నాది ఎర్రక్క.

"ఆమెకు మన అంత తెలివి యాడిది" అన్నాడు ఓబులేసు.

ఏమైతేనేం, వాన పడింది, బీడులో పాత గడ్డి పచ్చగా లేచింది. చుక్క కడుపారా మేసింది, మళ్ళీ నాలుగు లీటర్లకు ఎక్కింది. ఓబులేసు దాని మెడలో కొత్త గంట కట్టినాడు.

అప్పుడొచ్చింది ఉత్తరం. "నలభై రోజుల్లో మళ్ళీ వస్తున్నాను. మీ గడ్డి చూసి, అవే ప్రశ్నలు అడుగుతాను. ఇట్లు, హిమజ."

ఓబులేసు ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివించుకున్నాడు. "మళ్ళీ వస్తా అని రాసింది. మళ్ళీ రావాలంటే ముందొకసారి వచ్చి ఉండాల. అంటే ఆ పాప వచ్చినట్టే లెక్క."

"అయితే ఏమీ మార్చొద్దని చెప్పినట్టే" అన్నాడు తిప్పన్న.

"మనం అంతా మార్చేస్తిమి కదరా. అంత దూరం నుంచి వచ్చి, మీ గడ్డి ఏదని అడిగితే ఏం చూపిస్తాం? ఆడబిడ్డ ఉత్త చేతులతో పోతుందా మన ఇంటినుంచి?"

చుక్క దిక్కు చూసినాడు. కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. మాటంటే మాట. అంతే, కుండ మూత తీసినారు.

నలభై రోజులకు హిమజ వచ్చి బీడు గట్టు మీద నిలబడింది. జానెడు లారీగడ్డి, సాలుసాలుగా, నీళ్ళు పెట్టి, మధ్యలో మంచి గడ్డి ఒక్క పోచ లేకుండా కలుపు తీసి. చుక్క ఎండు మొగంతో ఒక మూల నిలబడి ఉంది.

పాప అక్కడే కూలబడింది. "ఏమీ మార్చొద్దన్నాను కదన్నా."

"మార్చకుండా ఉండేదానికే కదమ్మా ఇంత కష్టపడింది" అన్నాడు ఓబులేసు. "రాసుకో పాపా. నువ్వు రాసుకున్నాక చుక్కను సంతకు తోలేస్తాం ఇంక."

ఆ అమ్మాయి కాగితాలు పక్కన పడేసింది, కొంగు బిగించింది. "చుక్క యాడికీ పోదు. ఇది ఇంకా ఎన్ను వెయ్యలేదు. రాండి, ఇప్పుడే పెరికేద్దాం." ఊర్లు తిరిగి తిరిగి పాప మాట కూడా ఊరి మాటైపోయింది. నలుగురూ వంగినారు. మధ్యాన్నానికి బీడు ఖాళీ అయింది. ఓబులేసు చుక్క మెడ కౌగిలించుకున్నాడు.

"గింజలు ఇంకేమన్నా మిగిలినాయా?" అన్నాది పాప, చేతులు కడుక్కుంటా.

"ఒక్కటి లేదు" అన్నాడు తిప్పన్న.

"మంచిది."

"నువ్వు ఇల్లిల్లూ అడుగుతావు కదా పాపా" అన్నాడు ఓబులేసు. "ఊర్లో వాళ్ళందరూ పెరికేసుకొని కూర్చున్నారు. వాళ్ళ మర్యాద కూడా మనదే కదా అని మిగిలిన గింజలన్నీ అందరి చేన్లలో చల్లొచ్చినాం."

పాప మళ్ళీ గట్టు మీద కూలబడింది.

"పొద్దున కొళాయి కాడ ఈరమ్మత్తకు కూడా చెప్పినాలే, సంతోషపడుతుందని" అన్నాది ఎర్రక్క.

అప్పుడే బాట మీద దుమ్ము లేచింది. ముందర కట్టె పట్టుకొని ఈరమ్మ, వెనక చీపుర్లు, కొడవండ్లు పట్టుకొని ఊరు ఊరంతా.

"చూస్తివా, మెచ్చుకునేదానికి అందరూ ఒక్కసారే వస్తా ఉన్నారు" అన్నాడు ఓబులేసు. "ఏమే, ఇంటికి పోయి కాపీకి నీళ్ళు పెట్టు."

"కాపీ సరే, మంచాలన్నీ కాలబెడ్తిరి. ఇంతమందిని దేని మీద కూర్చోబెడ్తావు?"

ఓబులేసు కొంచెంసేపు ఆలోచించినాడు. తెలివి ఉన్న ఇల్లు కదా, దారి దొరికింది. తిప్పన్నను ఎదురు పంపించినాడు.

తిప్పన్న నేరుగా పోయి ఈరమ్మ కట్టె ముందర నిలబడినాడు.

"అత్తా, కట్టె నాకిచ్చి నువ్వు వెనక్కు పోయి మీ మంచం తీసుకురా. మా ఇంటికి పెద్దోళ్ళు వస్తా ఉన్నారు."