తెర వెనక ఏడు రోజులు

నందిసేన భదంతులు కృష్ణ ఒడ్డున ఉన్న బౌద్ధ విహారంలో వైద్యం చెప్పే గురువు. వానాకాలం వెళ్లగానే మూలికల కోసం ఆయన సింహళానికి ఓడ ఎక్కాలి. మళ్లీ వచ్చేసరికి ఎనిమిది నెలలు. కషాయాలూ లేహ్యాలూ పూర్తిచేసి నాడి పట్టడం దాకా వచ్చిన ఏడుగురు విద్యార్థులను పెద్ద శిష్యుడు రేవతుడికి అప్పగించారు.

రేవతుడికి కాళ్లూ చేతులూ ఆడలేదు. రోజుకొకటి చొప్పున ఎనిమిది నెలలకూ తాటాకులు రాసుకున్నాడు. ఏ రోజు ఏ పాఠం, ఎవరేం అడుగుతారు, గురువుగారైతే ఏమంటారు, అన్నీ రాశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఇంకా గడప తొక్కని రోగులకు కూడా రోగాలు నిర్ణయించి పెట్టేశాడు!

గురువుగారు ఆ కట్ట తిరగేసి పక్కన పెట్టారు. "ఇంకేం మిగిలింది నాయనా?"

"నా వేళ్లు పొరబడితే మనిషి పోతాడు భదంతా. తమరు లేనప్పుడు అది తప్పని చెప్పేదెవరు?"

ఆయన రోగులను చూసే గదిలోని తెర చూపించారు. రోగి మొహం చూస్తే వేళ్లు మోసపోతాయని ఆయన ఎప్పుడూ తెర లోపలే కూర్చునేవారు. రోగి చెయ్యి ఒక్కటే సందులోంచి లోపలికి వచ్చేది.

"రేపటినుంచి ఏడు రోజులు తెర బయట కూర్చుని నువ్వు నాడి పట్టు. లోపల నా చాప ఉంది, గంట ఉంది. గంట మోగితే నువ్వు చెప్పింది తప్పని అర్థం. తెర మాత్రం ఎత్తకు."

మర్నాడు తెల్లవారుతూనే రోగులు పరగడుపున వచ్చి కూర్చున్నారు. రేవతుడు నాడి పట్టి, రోగం చెప్పి, తెర వైపు చెవి పెట్టాడు. గంట మోగలేదు. లోపలినుంచి చిన్న పొడిదగ్గు వినిపించింది. అది గురువుగారి దగ్గేనని ఏడుగురూ గుర్తుపట్టారు. రేవతుడి ప్రాణం కుదుటపడింది.

అయిదో రోజు చాంతుడనే కుమ్మరి తన భార్య నాగసిరిని నులకమంచం మీద మోయించుకొచ్చాడు. ఒళ్లు చల్లబడిపోయింది. ఇలాంటి నాడికి మందు లేదు, ఇంటికి పంపెయ్యమని తాటాకులో ఉంది. కానీ రేవతుడి వేళ్లకు ఎక్కడో అడుగున సన్నటి కదలిక తగిలింది. మందు పోయించాడు. గంట మోగలేదు. దగ్గు వినిపించింది.

ఏడో రోజు చాంతుడు పరుగెత్తుకొచ్చాడు. వెనకే మంచం వచ్చింది.

"సామీ, ఒళ్లు పెనంలా కాలిపోతోంది. మందు ఆపమంటారా, పొయ్యమంటారా? పిల్లలు ఇంకా చిన్నోళ్లు."

దీనికి తాటాకు లేదు. రేవతుడు తెర వైపు చూశాడు. గంటా లేదు, దగ్గూ లేదు. ఇక ఉండబట్టలేక తెర ఎత్తి లోపలికి వెళ్లాడు.

లోపల ఎవరూ లేరు.

కర్ర లేదు, భిక్షాపాత్ర లేదు. చాప అంచునుంచి గోడ దాకా సాలెగూడు అల్లుకుని ఉంది. గంట లోపల కందిరీగ కట్టిన మట్టిగూడు ఎండి గట్టిపడింది. ఆ గంట మోగే రోజులు ఎప్పుడో పోయాయి. ఇన్నాళ్లూ దగ్గిందెవరు?

అప్పుడు తెర అవతల ఒక విద్యార్థి గుసగుసలాడాడు. "విన్నారా? గురువుగారు దగ్గారు. చెయ్యి లోపలికి పెట్టమ్మా."

రేవతుడు పెదాలు బిగపట్టుకునే ఉన్నాడు. దగ్గింది అతను కాదు.

సందులోంచి నాగసిరి చెయ్యి లోపలికి వచ్చింది. గాలిలో అలాగే ఆగి ఎదురుచూసింది. దాన్ని పట్టుకోవడానికి అక్కడ ఇంకెవరూ లేరు. రేవతుడు సాలెగూడు తుడిచి చాప మీద కూర్చున్నాడు. మూడు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆ వేడి కింద నాడి మొన్నటికంటే నిలకడగా కొట్టుకుంటోంది.

"ఇది చావు వేడి కాదు. మందు ఆపకండి," అన్నాడు. ఆ గొంతు అతనికే కొత్తగా ఉంది.

తెర అవతల ఏడుగురూ నేలకు తల ఆనించిన చప్పుడైంది.

"చిత్తం భదంతా," అన్నారు.