నంబరు లేని పేపరు

కూర్మినాయుడి ఇంట్లో ఉన్నది ముగ్గురు, ముగ్గురూ మహా తెలివైనవాళ్ళు. ఆ సంగతి ఊళ్ళో వాళ్ళెవరూ అనకపోయినా వాళ్ళే చెప్పుకునేవారు. "చెప్పింది చెప్పినట్టు చేస్తే తప్పెలా జరుగుతాది?" అనేవాడు కూర్మినాయుడు. భార్య పారమ్మ అవుననేది. కొడుకు తవిటినాయుడు తల ఊపేవాడు.

ఆ కొడుకు డిగ్రీలో లీనియర్ ఆల్జీబ్రా రెండుసార్లు తప్పాడు. ఈసారీ తప్పితే కాలేజీలో పేరు కొట్టేస్తామన్నారు. పాపం, వాడికి బెంగ పట్టుకుంది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాడు వాడొక్కడే మరి. పాఠం మొదలైన రోజే వెళ్ళి ముందు బెంచీలో కూర్చున్నాడు.

"బోర్డు మీద ఎలా ఉందో మీ నోట్సులో అలాగే ఉండాలి" అంది సుభాషిణి మేడం. అంతే! మేడం అంకెలు వరుసలుగా పేర్చి మాత్రిక వేస్తే వీడూ పెన్సిలుతో వేశాడు. మేడం డస్టరుతో తుడిస్తే వీడూ రబ్బరుతో తుడిచాడు. నెల తిరిగేసరికి ఆరు రబ్బర్లు అరిగిపోయాయి.

"ఏదయ్యా, నోట్సులో ఒక్క లెక్కా లేదే?" అంది మేడం.

"బోర్డు మీదా లేదు కదండి" అన్నాడు వాడు, ఆవిడ వంక జాలిగా చూస్తూ.

మేడం తల పట్టుకుంది. "ఇకమీదట తుడవకు నాయనా. ఇంట్లో ఎటు చూసినా లెక్కలే కనపడేలా రాసి పెట్టుకో" అంది.

ఇంకేముంది! గోడలు నిండాయి, బియ్యం డబ్బా నిండింది, మంచం కోళ్ళు కూడా నిండాయి. చివరికి తండ్రి బనీను ఒక్కటే తెల్లగా మిగిలింది. "రాయరా, నీ చదువుకి నానడ్డం పడతానేటి?" అని కూర్మినాయుడు వీపు తిప్పాడు. ఉతికితే లెక్క పోతుందని పారమ్మ ఆ బనీను మూడు నెలలు ఉతకలేదు. చుట్టాలు రావడం మానేశారు. చదువుకి ఇదే మంచిదనుకున్నారు ముగ్గురూ.

ఈలోగా స్లిప్ టెస్ట్ వచ్చింది. తవిటినాయుడు లెక్కంతా చక్కగా చేసి, కింద "ఎక్స్ విలువ తెలియదు" అని రాశాడు.

"పై వరుసలో మూడని వచ్చింది కదయ్యా!" అంది మేడం.

"వచ్చిందండి. కానీ ఎక్స్ మనకి తెలీదనుకోమన్నారు కదండి మీరు. అప్పట్నుంచీ అలాగే అనుకుంటున్నాను."

"తెలిశాక తెలిసిందనే అనుకో బాబూ!" అని మేడం రెండు చేతులూ జోడించింది. మార్కులు మాత్రం సున్నా.

అయినా ఎటు తిరిగినా లెక్కలే కనపడుతుంటే ఎంతటివాడికైనా వచ్చి తీరతాయి. వీడికీ వచ్చేశాయి! పెద్ద పరీక్షలో ప్రశ్నలన్నీ బనీను మీదివే. గబగబా రాసేస్తుంటే హాల్లో ఉన్న మాస్టారు, "పేపర్లో పేరెక్కడా రాయొద్దు. అది ఎవరిదో ఎవరికీ తెలియకూడదు" అని గట్టిగా చెప్పాడు. హాల్ టికెట్ నంబరు వేస్తే మాత్రం తెలిసిపోదూ? తవిటినాయుడు నంబరు గడి ఖాళీగా వదిలేశాడు. ఇంతమందిలో ఈ ఉపాయం తనకొక్కడికే తట్టినందుకు మురిసిపోయాడు కూడా.

తర్వాత మేడం క్లాసులో ఒక పేపరు పైకెత్తి చూపింది. "దీని మీద నంబరు లేదు. తొంభై ఎనిమిది మార్కులు! ఎవరిదో చెబితే వాళ్ళకి వేస్తాను. తవిటినాయుడూ, కొంపదీసి నీదా?"

వాడికి నాదే అని అరవాలనిపించింది. నాలుక కరుచుకుని ఆపుకున్నాడు.

"కాదండి."

కాలేజీ వాళ్ళు పేరు కొట్టేశారు. వాడు ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాడు.

"మార్కులొస్తే పేరెందుకు కొట్టేశార్రా?" అంది పారమ్మ.

"పేరెక్కడా ఉండకూడదన్నారు కదమ్మా. ఆళ్ళూ చెప్పింది చెప్పినట్టే చేశారు."

"మంచి కాలేజీ!" అన్నాడు కూర్మినాయుడు. వెంటనే లేచి రేషను కార్డులో కొడుకు పేరు కొట్టేశాడు.

పారమ్మ కంచాలు పెట్టి, వాకిట్లోకి వచ్చి కేకేసింది.

"ఎవరో గానీ, అన్నానికి రండి!"

తవిటినాయుడికి ఆకలి దంచేస్తోంది. కానీ పలికితే ఎవరో తెలిసిపోదూ? నోరు మూసుకుని అరుగు మీదే కూర్చున్నాడు.