ముక్కు దిబ్బడ వేసిన తీర్పరి

అనగనగా, చలి తొందరగా దిగి ఎండ తీరిగ్గా లేచే ఒక అడవి ఉండేది. ఆ అడవిలో సుగంధయ్య అనే పునుగుపిల్లి, అతని భార్య కస్తూరి ఉండేవాళ్లు.

సుగంధయ్య ముక్కు మామూలు ముక్కు కాదు. రేపు వాన పడుతుందంటే ఇవాళే వాసన పట్టేవాడు. పొదలో దాచిన సీతాఫలం ఏ పూటకి పండుతుందో దారిన పోతూ చెప్పేవాడు. అందుకే అందరూ కలిసి అతన్ని బీరు పండగకు తీర్పరిని చేశారు.

బీరు పండగ ఏమిటంటారా? ఒకప్పుడు బెల్జియం అనే చలిదేశం నుంచి ఒక తెల్లకొంగ ఎగురుకుంటూ వచ్చి ఆ అడవి వాగు ఒడ్డున వాలింది. రెక్కల నొప్పి తగ్గేదాకా ఊరికే కూర్చోలేక, తమ దేశంలో చలికాలపు బీరు ఎలా కాస్తారో అక్కడి జంతువులకు నేర్పింది. బార్లీ గింజలు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, నీళ్లలో కాయాలి. కమలా తొక్కలు, ధనియాలు వేయాలి. చల్లారాక తోడు వేసి, కుండ మీద ఆకు కప్పి పులియనివ్వాలి. పెరుగుకు తోడు ఉన్నట్టే బీరుకూ తోడు ఉంటుంది. పాత కుండ అడుగున మిగిలిన మడ్డే ఆ తోడు.

(ఇది పెద్ద జంతువులు తాగేది. పిల్ల జంతువులకు ఆ రోజు బెల్లం పానకం పోసేవారు. అదీ మిరియాలు తగ్గించి. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది.)

కొంగ తిరిగి వెళ్లిపోతూ కొన్ని కట్టుబాట్లు పెట్టింది.

"గెలిచిన కుండలోని మడ్డినే వచ్చే ఏడు అందరూ తోడు వేసుకోండి. మిగతా మడ్డి వాగులో పారబోయండి. లేకపోతే మంచీ చెడ్డా కలిసిపోతాయి. ఇంకో మాట. తీర్పరి తాను గెలిపించిన కుండలోంచి నిండు దొప్పెడు అందరి ముందూ తాగాలి. తాను తాగలేనిదాన్ని పదిమందికి పోయకూడదు. అతను దొప్ప దించేదాకా ఇంకెవరూ నాలుక తడపకూడదు."

అప్పటినుంచీ అలాగే జరుగుతోంది.

ఆ ఏడు పండగకు ముందురోజు సుగంధయ్య వాగులో తలస్నానం చేశాడు. బొచ్చు నిగనిగలాడాలని మునిగిందే మునిగాడు.

"ఏవండీ, నీళ్లు మంచులా ఉన్నాయి. జలుబు చేస్తుంది. రండి బయటికి," అంది కస్తూరి.

"తీర్పరి అన్నాక కాస్త కళగా ఉండొద్దుటే?" అన్నాడు సుగంధయ్య.

తెల్లారేసరికి ముక్కు దిబ్బడ వేసింది. కస్తూరి పక్కన కూర్చుని, "ఎలా ఉంది?" అని అడిగింది.

"ఏబీ లేదే, బాగాదే ఉద్దాను," అన్నాడు సుగంధయ్య.

కస్తూరి మిరియాల కషాయం ఇచ్చింది. ముక్కు తెరుచుకోలేదు. వాము మూటకట్టి పీల్పించింది. తెరుచుకోలేదు. పసుపుకొమ్ము కాల్చి పొగ పట్టించింది. కళ్లలో నీళ్లు కారాయి గానీ ముక్కు మాత్రం మూసిన తలుపులా ఉండిపోయింది. మాట ఒక్కటి కాస్త బాగుపడింది.

"పోనీండి. వెళ్లి, 'జలుబు చేసింది, వాసన తెలియడం లేదు, నాలుగు రోజులు ఆగుదాం' అని చెప్పి రండి. అంతేగా?" అంది కస్తూరి.

"అంతేగా అంటావేమిటే! వాసన తెలియని తీర్పరిని మళ్లీ ఎవరు పిలుస్తారు? దండ ఎవరు వేస్తారు? ఇన్నేళ్ల అనుభవం ఉంది. నెట్టుకొచ్చేస్తాలే."

కస్తూరి దారిలో చీదుకోవడానికి ఒక ఆకుల కట్ట చేతికిచ్చింది. సుగంధయ్య దాన్ని గుమ్మం పక్కనే వదిలేసి వెళ్లాడు.

వాగు ఒడ్డున అడవి అడవంతా చేరింది. మూడు కుండలు వరసగా పెట్టారు. మొదటిది ఎలుగుబంటి బొర్రయ్యది. రెండోది ముళ్లపంది సూదమ్మది. మూడోది కోతి చింపయ్యది.

"తీర్పరిగారి గొంతు మారిందేం?" అంది సూదమ్మ.

"తీర్పు చెప్పే రోజున గొంతు గంభీరంగానే ఉంటుంది మరి," అన్నాడు సుగంధయ్య.

మొదట బొర్రయ్య దొప్ప అందించాడు. సుగంధయ్య కళ్లు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. ఒక గుక్క తాగాడు. నాలుక మీద తడి తగిలింది, అంతే.

"ఆహా! కమలాతోటలో పొద్దుటెండకు నిలబడ్డట్టుంది," అన్నాడు.

బొర్రయ్య బుర్ర గోక్కున్నాడు. "నేను కమలా తొక్క వేయలేదండీ. దొరక్క, తేనె పోశాను."

"ఆ తేనెటీగ ఏ పువ్వు మీద వాలిందో నీకేం తెలుసయ్యా?" అన్నాడు సుగంధయ్య.

"అబ్బ! తేనెటీగ సంగతి కూడా పట్టేశారు!" అని జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత సూదమ్మ దొప్ప. సుగంధయ్య పెదవి విరిచాడు. "ధనియాలు కాస్త తగ్గాయి."

"అయ్యో, గుప్పెడు ఎక్కువ పడ్డాయని రాత్రంతా దిగులు పడ్డానే!"

"మరీ ఎక్కువైతే తగ్గినట్టే ఉంటుంది సూదమ్మా. అది లోతైన విషయం."

సూదమ్మకు అర్థం కాలేదు. అయినా తలూపింది. వెనక నిలబడ్డ చింపయ్యకు మాత్రం నవ్వు ఆగలేదు. అతని కుండలో అసలు బీరే లేదు.

ఏమైందంటే, చింపయ్య బావమరుదులు పులిసిందో లేదో చూస్తామని వచ్చారు. ఒకడు చూశాడు. రెండోవాడికి అనుమానం వచ్చి మళ్లీ చూశాడు. అలా చూసీ చూసీ కుండ ఖాళీ చేసి, మడ్డి కూడా నాకేశారు. ఉత్త కుండతో పండగకు ఎలా రావడం? చింపయ్య కుంకుడుకాయలు చితక్కొట్టి, నీళ్లలో వేసి, చేతులు నొప్పెట్టేదాకా గిలకొట్టాడు. బుసబుసా నురగ వచ్చింది. "సుగంధయ్యగారు దూరం నుంచే వాసన పట్టి నన్ను నాలుగు తిడతారు. అందరం నవ్వుకుంటాం. వట్టి చేతులతో వచ్చానన్న మాట రాదు," అనుకున్నాడు.

(కుంకుడు రసం తలకు మాత్రమే. రుచి చూడాలనే ఆలోచన ఎవరికైనా వస్తే ఇక్కడే మానుకోవాలి.)

సుగంధయ్య మూడో దొప్ప చూశాడు. నురగ తెల్లగా, గోపురంలా నిలబడి ఉంది. ఊదితే పడదు. తట్టితే పడదు. ఒక గుక్క తాగాడు. నాలుక జివ్వుమంది. పొద్దుటినుంచీ అతని నోటికి తగిలిన మొదటి రుచి అది.

"చేదు!" అని ఎగిరి గంతేశాడు. ముక్కు పని చేయకపోయినా నాలుక పని చేస్తోందన్న ఆనందం అది. "చూశారా, అసలైన చేదు! నురగ చూశారా, ఇంతసేపైనా దిగలేదు! ఇదే గెలిచింది!"

జనం ఈలలు వేశారు. చింపయ్య మెడలో దండ పడింది. అతని నవ్వు ఎగిరిపోయింది. గబగబా సుగంధయ్య చెవి దగ్గరకు వచ్చాడు.

"అయ్యా, కొంప మునిగింది! అది బీరు కాదు, కుంకుడు రసం. దీన్ని తోడు వేస్తే వచ్చే ఏడు అడవంతా తలంటుకోవాల్సిందే. తీర్పు మార్చండి. తప్పు నాదేనని నేనూ చెబుతాను."

సుగంధయ్య గిరుక్కున తల తిప్పి చూశాడు. అటు బొర్రయ్య తన బీరును తొట్టిలోకి వంచేసి, అడుగు మడ్డితో కుండను వాగు వైపు మోసుకెళ్తున్నాడు. ఏడాదంతా కంటికి రెప్పలా సాకిన తోడు అది. వెనకే సూదమ్మ తన కుండను దొర్లించుకుంటూ వెళ్తోంది. 'ఆగండి' అంటే చాలు. కానీ ఆగమంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే నవ్వుతారు.

"నోరు మూసుకో," అన్నాడు సుగంధయ్య మెల్లగా. "తీర్పు తీర్పే."

"అయితే నిండు దొప్ప తాగాలండీ మీరు!"

అది సుగంధయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. కానీ అప్పటికే సుగంధయ్య చేతిలో దొప్ప పెట్టేశారు. అందరూ అతన్నే చూస్తున్నారు. కళ్లు గట్టిగా మూసుకుని, గటగటా తాగేశాడు.

"ఎలా ఉందండీ?" అని అరిచారు.

"అమో..." అనబోయాడు. నోట్లోంచి 'ఘం' రాలేదు. ఒక బుడగ వచ్చింది. గుండ్రంగా, రంగురంగులుగా, మెల్లగా పైకి లేచింది. ఎక్కిళ్లు మొదలయ్యాయి. ఎక్కిలికో బుడగ. పిల్ల జంతువులు పానకం వదిలేసి బుడగల వెంట పడ్డాయి.

అంతలో పెద్ద తుమ్ము వచ్చింది.

"హాఛ్!"

రెండు ముక్కుపుటాల్లోంచీ నురగ ఎగజిమ్మింది. ముందు వరసలో కూర్చున్న గుడ్లగూబకు గడ్డం మొలిచినట్టయింది. ఆ తుమ్ముతో పొద్దుటినుంచీ మూసుకున్న ముక్కు టక్కున తెరుచుకుంది.

తెరుచుకోగానే ఒక వాసన వచ్చింది. కాల్చిన బార్లీ, అడవి తేనె, దాని వెనకాల ఎక్కడో వానకు తడిసిన మట్టి. అంత మంచి వాసన సుగంధయ్య పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. "ఎక్కడిది? ఎక్కడిదిది?" అని చుట్టూ తిరిగాడు. అది వాగులోంచి వస్తోంది. బొర్రయ్య ఖాళీ కుండ దులుపుతున్నాడు. మడ్డి నీళ్లలో చారలు చారలుగా సాగిపోతోంది. పక్కనే సూదమ్మ తన కుండ వంచుతోంది.

"ఆపండి!" అని సుగంధయ్య పరుగెత్తాడు. "సూదమ్మా, వంచకు! నాకు జలుబు! పొద్దుటినుంచీ నాకేమీ వాసన తెలియలేదు! అంతా కల్పించి చెప్పాను!"

సూదమ్మ ఉలిక్కిపడి కుండ పైకెత్తింది. అడుగున చెంచాడు మడ్డి మిగిలింది.

సుగంధయ్య నోట్లోంచి ఇంకో బుడగ వచ్చి, పగిలింది.

"జలుబని ఒక్క మాట చెబితే పోయేది కదయ్యా!" అన్నాడు బొర్రయ్య. కోప్పడదామనుకుని, ఖాళీ కుండను గుండెకు హత్తుకున్నాడు. "ఏడాదంతా బిడ్డలా సాకిన తోడు అది."

"నీదే గెలిచింది బొర్రయ్యా," అన్నాడు సుగంధయ్య తల వంచుకుని. "ఇప్పుడు తెలిసింది."

"ఇప్పుడెందుకు?" అన్నాడు బొర్రయ్య.

పెరుగుకైనా బీరుకైనా చెంచాడు తోడు చాలు. సూదమ్మ కుండలో మిగిలినదాన్నే అందరూ పంచుకున్నారు. వచ్చే ఏడు పండగ నిలబడింది. కానీ బొర్రయ్య బీరు లాంటిది మళ్లీ ఆ అడవిలో ఎవరూ కాయలేకపోయారు. దాని తోడు రుచి వాగులో చేపలకే తెలుసు. ఆ సాయంత్రం అవి కాస్త వంకరగా ఈదాయి.

ఆ చలికాలమంతా సుగంధయ్య ఎటు వెళ్లినా పిల్ల జంతువులు వెనకాల బుడగలు ఊదేవి. బొర్రయ్య బార్లీ దంచే పని అతనికే పెట్టాడు. సుగంధయ్య నోరెత్తకుండా దంచాడు. చింపయ్య పక్కన కూర్చుని చెరిగాడు.

మరుసటి ఏడు మళ్లీ కుండలు వరసగా పెట్టారు. సుగంధయ్య మొదటి దొప్ప ముట్టుకోకుండా అందరి వైపు తిరిగాడు.

"ముక్కు సగమే తెరుచుకుంది ఇవాళ. ఎడమ వైపు ఏమీ తెలియడం లేదు. గుడ్లగూబగారిని నా పక్కన కూర్చోబెట్టండి."

చింపయ్య ఒక్కడు కిసుక్కుమన్నాడు. మిగతావాళ్లెవరూ నవ్వలేదు. గుడ్లగూబ వచ్చి, ముందు జాగ్రత్తగా గడ్డం దగ్గర ఒక ఆకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. కస్తూరి వెనకనుంచి ఇంకో ఆకుల కట్ట అందించింది. ఈసారి సుగంధయ్య దాన్ని తీసుకుని, అందరి ముందూ గట్టిగా చీదాడు.

నీతి: తెలియనప్పుడు తెలియడం లేదంటే పోయేది కాసేపటి పరువు, తెలిసినట్టు నటిస్తే పోయేది పదిమంది కష్టం.