బావికి మన్నిచ్చిన ఊరు

అనగనగా ఒక ఊళ్ళో, మిరప చేలకూ కాలవకూ మధ్యన, పది పన్నెండు యూదుల ఇళ్ళు ఉండేవి. మనలాగే తెలుగు మాట్లాడేవాళ్ళు, మనలాగే గోంగూర పచ్చడి తినేవాళ్ళు. ఒక్కటే వింత, నాన్నా. పొద్దున కళ్ళు తెరవగానే, ఇంకా పక్క దిగకుండానే, "నా ప్రాణం నాకు తిరిగి ఇచ్చావు, స్వామీ" అని దణ్ణం పెట్టుకునేవాళ్ళు. ముద్ద తింటే ఒక దణ్ణం, పండు కొరికితే ఒక దణ్ణం. రోజుకు నూరు దాకా అయ్యేవిట. మనం నూరు సార్లు సణుగుతాం గానీ, నూరు దణ్ణాలు ఎవరం పెట్టాం చెప్పు?

ఆ ఊళ్ళో హుల్దా అనే ఇల్లాలు ఉండేది. ఆమెకు నాలుగేళ్ళ కూతురు, పేరు తిర్సా. కాలు ఒకచోట నిలవని పిల్ల. వాళ్ళ పెరటి వెనకాలే ఊరి పాత బావి. ఏ తరం వాళ్ళు తవ్వారో గానీ, ఊరంతా ఆ నీళ్ళతోనే పెరిగింది. ఆ మధ్య ఊళ్ళోకి బోరింగు వచ్చింది. బావిలో నీళ్ళు అడుగంటాయి. ఆ తర్వాత వానలకు గట్టు కూలి, చుట్టూ మట్టి జారడం మొదలైంది.

ఒకనాడు తిర్సా తొంగిచూస్తూ బావిలో పడింది. తండ్రి ఎల్కానా చేంతాడు పట్టుకుని దిగి, పైకి తెచ్చాడు. దేవుడి దయ, మోచెయ్యి మాత్రం గీరుకుంది. ఆ పిల్ల ఊరుకుందా? మర్నాడు మళ్ళీ బావి దగ్గరే. లోపల ఏముందో చూడాలని దాని యావ. కంచె కడితే కంచె కింద దూరింది. హుల్దాకు అన్నం సయించడం మానేసింది. "ఆ బావిని పూడ్చేయండి, లేకపోతే నా పిల్ల నాకు దక్కదు" అంది.

పూడ్చడానికి అందరూ సరేనన్నారు. మొదటి రాయి వేయడానికి మాత్రం ఎవరి చెయ్యీ లేవలేదు.

ఎందుకంటే వాళ్ళ పెద్దల మాట ఒకటుంది. నీళ్ళు తాగిన బావిలో రాయి వేయకూడదని. వాళ్ళ మోషే ప్రవక్త పసిబిడ్డగా ఉన్నప్పుడు, చంపేవాళ్ళ కంట పడకుండా ఒక నది ఆయన బుట్టను తన రెల్లులో దాచి కాపాడిందట. పెద్దయ్యాక దేవుడి ఆజ్ఞ మీద ఆ నదినే కర్రతో కొట్టాల్సిన రోజొచ్చింది. అప్పుడు కొట్టింది ఆయన కాదు, ఆయన అన్న. నీటికి నొప్పేమిటి అనకు. మేలు పొందిన చెయ్యి లేవకూడదు, అంతే. ఎంత మనసో చూడు.

హుల్దా ముందు మొగుణ్ణి అడిగింది. "మన పెళ్ళి వంటకి నీళ్ళు ఎక్కడివనుకున్నావ్?" అని ఎల్కానా తల దించుకున్నాడు.

అప్పుడు అత్త మీకాలమ్మ దగ్గరికెళ్ళింది. "అత్తా, చేంతాడు లాగినప్పుడల్లా ఆ బావిని తిట్టేదానివి కదా, నువ్వు వెయ్యి" అంది.

"నిన్ను మాత్రం తిట్టట్లా? అలాగని రాయి పెట్టి కొట్టానా?"

"పోనీ, మొన్న పుట్టిన పక్కింటి పసివాడి చేత వేయిద్దాం."

"వాడి తల్లి ఏ నీళ్ళతో పెరిగిందే, పిచ్చిమొహమా?" అంది మీకాలమ్మ.

ఆ తర్వాత ఉప్పు బండి పేరయ్య వచ్చాడు. పొరుగూరివాడు, యూదుడు కాడు. హుల్దా ఎదురెళ్ళి సంగతంతా చెప్పింది. పేరయ్య రాయి పట్టుకుని బావి దాకా వెళ్ళాడు. లోపలికి తొంగిచూశాడు. రాయి మెల్లగా కింద పెట్టేశాడు.

"ఇరవై ఏళ్ళుగా ఎండన పడి వచ్చి, ఇక్కడే గొంతు తడుపుకున్నానమ్మా. నియమం మీదే కావచ్చు, దాహం నాది కదా. నా వల్ల కాదు" అన్నాడు.

హుల్దాకు ఏడుపొచ్చింది. బావికి ఇంతమంది ఉన్నారు, నా పిల్లకే ఎవరూ లేరు అనుకుంది. తిర్సాను చంకనేసుకుని, ప్రార్థన పెద్ద హిజ్కియా తాతను నిలదీద్దామని బయల్దేరింది.

తాత ఇంట్లో లేడు. శ్మశానంలో, ఒక చిన్న గుంట పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. గుంటలో పాత ప్రార్థన పుస్తకాలు. దేవుడి పేరున్న పుస్తకం చిరిగిపోయినా వాళ్ళు పారెయ్యరు, కాల్చరు. మనిషికి చేసినంత మర్యాదా చేసి, మట్టిలో దాస్తారు. అరిగిపోయిన అక్షరానికి కూడా అంత గౌరవం, నాన్నా.

తాత పిడికెడు మట్టి తీసి పుస్తకాల మీద మెల్లగా జారవిడిచాడు.

"నీకు చదువు నేర్పిన పుస్తకాలు కదా తాతా. వాటి మీద నీ చేత్తోనే మన్ను ఎలా వేస్తున్నావు?" అంది హుల్దా.

"నేర్పాయి గనకే నా చేత్తో వేస్తున్నానమ్మా. పరాయివాళ్ళ చేత వేయిస్తానా?" అన్నాడు తాత.

హుల్దా పిల్లను దించి గుంట పక్కన కూర్చుంది. విసిరే చెయ్యి వేరు, సాగనంపే చెయ్యి వేరు. ఇన్నాళ్ళూ ఊరంతా బావిని ఎరగని చెయ్యి కోసం వెతికింది. ఎరిగిన చేతులే కావాలని ఎవరికీ తోచలేదు.

హుల్దా మాట విని, మర్నాడు పొద్దున్నే పేరయ్యతో సహా ఊరంతా వచ్చింది. ఒక్క రాయి లేదు. తట్టల్లో మెత్తటి చేను మట్టి. ఒక్కొక్కరే వచ్చి, బావి తమకేం ఇచ్చిందో చెప్పి, దోసిలితో మట్టి వదిలారు. ఎల్కానా పెళ్ళి విందు చెప్పాడు. పేరయ్య రోహిణి ఎండలు చెప్పాడు. మీకాలమ్మ, "నా తిట్లన్నీ మోశావు. ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు, నా కోడల్లాగా కాదు" అంది. అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

హుల్దా వంతు వచ్చింది. "నా బిడ్డను మింగబోయావని నిన్ను ఆడిపోసుకున్నాను" అంది. "అడుగున మోకాలి లోతు నీళ్ళు మిగిల్చి, దాన్ని పట్టుకున్నదీ నువ్వేనని ఇప్పుడు తోచింది. నువ్వు ఎండిపోయి ఉంటే నాకు పిల్లే లేదు." అని, వంగి, రెండు చేతులా మన్నిచ్చింది.

పూడ్చడానికి వారం పట్టింది. బావి నిండి నేలయింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం తిర్సా పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆ నేల మీద బోర్లా పడుకుంది. చెవి ఆనించి వింటోంది. పెరట్లో బియ్యం ఏరుతున్న హుల్దా చూసింది. చూసి, లేవలేదు. మళ్ళీ చాటలోకి తల వంచుకుంది.

"ఏమంటోందే నీ బావి?" అని గట్టిగా అడిగింది మీకాలమ్మ.

"నిద్రపోతోంది నానమ్మా, అరవకు" అంది తిర్సా.

బావమ్మ పడుకుంది మన్ను కప్పుకుని,
బంగారం పడుకో దుప్పటి కప్పుకుని.
కథ నడిచింది కంచికి,
కునుకు వచ్చింది ఇంటికి.