చిలక తాగిన ఆముదం

అనగనగా ఎర్రదిన్నె అని ఒక రాజ్యం, దానికి పెదమల్లుడని ఒక రాజు. రాజంటే పాలరాతి మేడలూ, పన్నీటి కొలనులూ అనుకునేరు! ఎర్రదిన్నెలో వరి పండదు, చెరుకు పండదు. ఎటు చూసినా ఎర్రమట్టి, గులకరాళ్ళు. ఆ రాళ్ళ మధ్య మొండిగా నిలబడి పండేది ఒక్క ఆముదమే. దీపంలోకి ఆముదం, బండి ఇరుసుకి ఆముదం, మోట తోలు మెత్తబడటానికి ఆముదం, తలకి ఆముదం. చుట్టుపక్కల ఏ రాజ్యంలో బండి కదలాలన్నా ఎర్రదిన్నె ఆముదమే కావాలి. పిల్లలకు అప్పుడప్పుడూ పరగడుపున ఒక గరిటెడు తాగించేవాళ్ళు కూడా. ఏమర్రా, అప్పుడే మొహాలు అలా పెట్టారేం? మీకు కాదులే, వినండి.

ఒక అమావాస్యనాడు మిట్టమధ్యాహ్నం కొలువు మధ్యలో పొగ లేచింది. పొగలోంచి కరాళుడనే మాంత్రికుడు దిగాడు. వాడి గడ్డం నేలమీద జీరాడుతోంది.

"రాజా! నీ రాజ్యంలో ఆముదపు చెట్లన్నీ వేళ్ళతో సహా పెరికించు. ఆ వాసన నాకు గిట్టదు" అన్నాడు.

"పెరికితే నా జనం ఏం తింటారు?"

"అది నాకెందుకు? పెరికిస్తావా, లేదా?"

పెదమల్లుడు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు. "పెరకం గాక పెరకం!" అన్నాడు.

కరాళుడు చేతికర్ర ఆడించాడు. రాజు మోకాళ్ళ దాకా రాయైపోయాడు. "వచ్చే అమావాస్యకు నడుం దాకా రాయవుతావు. ఆ పై అమావాస్యకు నడినెత్తి దాకా. ఎప్పుడు పెరికిస్తే అప్పుడు వదిలేస్తాను" అని మళ్ళీ పొగలో కలిసిపోయాడు.

సంగతి తెలిసి రైతులంతా కోటకు పరుగెత్తుకొచ్చారు. "మీ పానం కన్న చెట్లెక్కువనా దొరా? పెరికేస్తం" అని ఏడ్చారు.

"ఒక్క మొక్క పెరికారో, రాయయ్యాక కూడా మిమ్మల్ని తిడుతూనే ఉంటాను! పోయి చేలు చూసుకోండి" అని కసిరాడు రాజు.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి పట్టుకుని గుర్రమెక్కాడు. కరాళుడి కోట ఏడు సముద్రాల అవతల ఉంది. ఒడ్డున ఏ పడవవాడూ అటు పోనంటే చేసేదిలేక తిరిగొచ్చాడు. రెండోవాడు తానే పడవ కట్టించి ఏడు సముద్రాలూ దాటాడు. కోటకు ఇనప తలుపు, తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కత్తితో పొడిస్తే కత్తి విరిగింది, భుజంతో కుమ్మితే భుజం వాచింది. లోపల్నుంచి ఒక చిలక అరిచింది: "వాడి ప్రాణం నా కడుపులో ఉందిరోయ్! ఎలాగైనా లోపలికి రండి!" ఎలా వెళ్ళడం? అతనూ వెనక్కి తిరిగాడు. వస్తూ వస్తూ పడవ ఇవతలి ఒడ్డుకు తగిలి ముక్కలైంది. ఈలోగా అమావాస్య వచ్చింది, కరాళుడు వచ్చాడు, రాజు మళ్ళీ "పెరకం గాక పెరకం" అన్నాడు, నడుం దాకా రాయయ్యాడు.

ఇక మిగిలింది మూడోవాడు, చినమల్లుడు.

"తలుపు సంగతి నువ్వు చూసుకో. లోపలికెళ్ళావంటే ఆ చిలక మెడ నులిమెయ్, పీడ విరగడవుతుంది" అని చెప్పారు అన్నలు.

"పాపం చేసింది వాడైతే మెడ చిలకదా? నులమను" అన్నాడు చినమల్లుడు. అన్నది బాగానే ఉంది, మరి ప్రాణం బయటికెలా వస్తుంది? తోచక, కోట వెనక ఆముదం కాచే తన ఈడు పిల్ల చెంగలి దగ్గరికి వెళ్ళాడు. చిన్నప్పట్నుంచీ అతనికి ఏది తోచకపోయినా చెంగలినే అడిగేవాడు.

చెంగలి అంతా విని పకపకా నవ్వింది. "కడుపుల ఉన్నదాన్ని బయటికి తీసేందుకు మెడ నులుముడెందుకు చిన్నదొరా? మా వాడల పిల్లలను అడిగినా చెప్తరు. అందుకేనమ్మా, వానికి మన చేన్లంటే అంత భయం!"

చినమల్లుడు ఎగిరి గంతేశాడు. "అయితే ఒక కడవెడు ఇయ్యి!"

"ఇయ్య. నీ చేతులతోనే కాంచుకో. దారిల ఎన్ని అక్కెరలు పడ్తయో, దాని గుణం తెలువకపోతె ఏం జేస్తవు?"

సరేనని చినమల్లుడు పంచె ఎగగట్టాడు. ఆముదాలు వేయించాడు, రోట్లో దంచాడు, కుండలో నీళ్ళుపోసి కాచాడు, పైకి తేలిన నూనెను గరిటెతో దేవాడు. దేవిందే చాలని కడవకెత్తబోతే చెంగలి చెయ్యి పట్టుకుంది. ఒక వత్తి అందులో ముంచి వెలిగించింది. వత్తి చిటపటలాడింది.

"నీళ్ళున్నయ్. మళ్ళ కాంచు."

"మా నాన్న నడుం దాకా రాయయ్యాడు చెంగలీ!"

"అయితె? పచ్చి ఆముదం పోస్తె చిలక సస్తది. మెడ నులుమ అన్నది నువ్వే కదా?"

మళ్ళీ కాచాడు. మళ్ళీ చిటపట. మూడోసారి వత్తి చప్పుడు చెయ్యకుండా వెలిగింది. అప్పుడు కడవకు గుడ్డ కట్టి, "ఇగ పో. వాని పానం బయటికి తీసి రా" అంది చెంగలి.

సముద్రం ఒడ్డున ఏనుగంత తాబేలు ఒకటి ఏడుస్తూ కూర్చుంది. "ఉప్పునీళ్ళకు నా పాదాలు పగిలి నెర్రెలిచ్చాయి నాయనా. ఈదలేను, నడవలేను" అంది. చినమల్లుడు మూడు రోజులు దాని పాదాలకు ఆముదం పట్టించాడు. మొదటిరోజు మంట తగ్గింది, రెండోరోజు నెర్రెలు పూడాయి, మూడోరోజు తాబేలు లేచి గంతులేసింది. "ఎక్కు నా వీపు!" అంది. ఉప్పు సముద్రం, చెరుకురసం సముద్రం, కల్లు సముద్రం దాటారు. కల్లు సముద్రంలో తాబేలు కాస్త తూలిందనుకోండి. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం కూడా దాటి కోట చేరారు.

ఇనప తలుపు నూరేళ్ళుగా ఎవరూ తెరవలేదు. కరాళుడు పొగై సందులోంచి దూరేవాడు కాబట్టి వాడికి తలుపుతో పనిలేదు. చినమల్లుడు తలుపును కొట్టలేదు, తిట్టలేదు. బందుల్లో ఆముదం పోసి ఒక పూట కూర్చున్నాడు. తర్వాత వేలితో తోస్తే తలుపు కిర్రుమనకుండా తెరుచుకుంది.

లోపల ఈకలూడిన చిలక కడుపు మోయలేక మోస్తూ కూర్చుంది. "వచ్చావా? మెడ నులుముతావు, అంతేగా. కానివ్వు" అంది.

"నులమను. నోరు తెరు."

"ఏమిటది?"

"ఆముదం."

చిలక ఆ కడవ వంకా అతని వంకా చూసింది. "మెడ నులమడమే నయం కదయ్యా!" అంది. అలా అంటూనే కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది. చినమల్లుడు చిన్న గరిటెతో పోశాడు, పైన రెండు గుక్కల వేణ్ణీళ్ళు తాగించాడు.

అదే మూడో అమావాస్య. ఎర్రదిన్నెకు బయల్దేరిన కరాళుడికి సగం దారిలో కడుపులో ఏదో మెలిపెట్టింది. పొట్ట పట్టుకుని పొగై వెనక్కొచ్చి పడ్డాడు.

"ఎవడ్రా నువ్వు?"

"ఎర్రదిన్నె రాజు కొడుకుని. చినమల్లుణ్ణి."

కరాళుడు కర్ర ఆడించాడు. చినమల్లుడు మోకాళ్ళ దాకా రాయయ్యాడు. "చెట్లు పెరికిస్తానని చెప్పు, వదిలేస్తాను."

చినమల్లుడు చిలక వంక చూశాడు. చిలక తల అడ్డంగా ఊపింది. ఆముదానికి తొందరుండదు పిల్లలూ, దాని వేళకే అది పనిచేస్తుంది.

"పెరకం గాక పెరకం" అన్నాడు.

నడుం దాకా రాయయ్యాడు. కరాళుడు ఒంగిపోయి మూలిగాడు. "ఇప్పుడు?"

"పెరకం గాక పెరకం."

మెడ దాకా రాయయ్యాడు. చినమల్లుడికి భయం వేసింది. ఎందుకు వెయ్యదూ? ఇంకొక్క మాటతో నోరు కూడా రాయైపోతుంది. అక్కడ నాన్నా రాయిగానే ఉండిపోతాడు. పెరికిస్తానని ఒక్క మాటంటే ఇద్దరూ బతుకుతారు. కానీ తనను పెంచిన చేలన్నీ కళ్ళముందు కదిలాయి. చెట్టుకు ఒక్కొక్క కాయా లెక్కపెట్టుకునే రైతులు కదిలారు. "నీకు భయపడి మేం ఒక్క ఆకు కూడా తుంచం! ఏం చేసుకుంటావో చేసుకో!" అని గొంతు చించుకుని అరిచాడు.

కరాళుడు కర్ర ఎత్తాడు. సరిగ్గా అప్పుడు చిలక కడుపులో గుడగుడమంది. టప్పున చింతగింజంత నల్లటి గింజ కిందపడింది.

కరాళుడు దాని మీదికి దూకాడు. చిలక వాడికంటే ముందు దూకింది. "నూరేళ్ళు మోసింది నేను! దీని సంగతి నేనే చూస్తాను!" అని ముక్కుతో పటుక్కున కొరికి ఉమ్మేసింది. కరాళుడు పొగయ్యాడు. ఈసారి పొగ తిరిగి మనిషి కాలేదు.

ఇక్కడ చినమల్లుడి ఒంటిమీది రాయి పొట్టులా రాలిపోయింది. అక్కడ పెదమల్లుడు కాళ్ళు విదిలించి కిందికి దిగి, తిన్నగా చేలకే వెళ్ళాడు. ఒక్క మొక్కా పెరకలేదని చూసుకుని, గట్టుమీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

చినమల్లుడు చిలకతో సహా తిరిగొచ్చీ రాగానే చెంగలి ఇంటికి వెళ్ళి, "నన్ను చేసుకుంటావా?" అని అడిగాడు.

"చేసుకుంట గని, కోటల ఉన్నా నా కుండ నేనిడువ. రాణి చేతులు ఆముదం వాసన కొడ్తయి. ఇష్టమైతెనే అడుగు."

చినమల్లుడు తన చేతులు ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. ఏడు సముద్రాలు దాటొచ్చినా అవి ఆముదం వాసనే కొడుతున్నాయి. చెంగలి నవ్వింది. పెళ్ళి అయిదు రోజులు జరిగింది. తండ్రి మాట మీద అన్నలిద్దరూ ఒప్పుకుని తమ్ముడికే పట్టం కట్టారు.

పెళ్ళిలో మంత్రులు చిలకకు బంగారు పంజరం తెచ్చారు. కొత్త ఈకలొచ్చిన చిలక పంజరం చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఇక మీదట నేను ఎవరి లోపలా ఉండను, నా లోపల ఎవరూ ఉండరు" అని ఎగిరిపోయింది.

చినమల్లుడూ చెంగలీ అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. ఆ అరవై ఏళ్ళలో ఎర్రదిన్నెలో ఒక్క ఇంట్లోనూ పిట్టను పంజరంలో పెట్టలేదు.