వడియం అనే కోడిపెట్ట

మీ గుమ్మం దగ్గర, మీ వల్ల బతకడం తప్ప మీకు ఏ ఉపయోగమూ లేని ప్రాణి ఒకటైనా ఉందా? ఉంటే, దాన్ని ఎందుకు ఉంచుకున్నారో నలుగురిలో నిలబడి చెప్పగలరా? తడుముకోకండి, నవ్వేసి తప్పించుకోకండి. ఈ ప్రశ్న నాది కాదు. పైడిరత్నం అనే పిల్ల ఒకనాటి ఉదయం తన గురువునే నిలదీసి అడిగింది. అడిగి, వాదించి, నెగ్గింది కూడా. నెగ్గినందుకు ఆ సాయంత్రానికి ఆమెకేం జరిగిందో అదే ఈ కథ.

కొండవాలున జీడితోటల మధ్య అచ్చియ్యమ్మ గారి ఇల్లు ఉండేది. వాదించడం నేర్చుకోవాలనుకునే ఆడపిల్లలు అక్కడ చేరి ఆమె దగ్గర చదువుకునేవారు. నలుగురిలో గొంతు పెగలని వాళ్లు వచ్చేవారు. గొంతు తప్ప మరేమీ లేని వాళ్లూ వచ్చేవారు. పైడిరత్నం రెండో రకం. మేనమామల పంచాయితీలోనే లేచి నిలబడి మాట్లాడిందని, ఈ నోటికి ఓ కళ్లెం కావాలని ఇంట్లోవాళ్లు తీసుకొచ్చి దింపారు. కళ్లెం సంగతేమో గాని, అక్కడికొచ్చాక ఆ నోటికి రెక్కలొచ్చాయి. ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. వాదంలో ఎవరు నెగ్గితే ఆ తీర్పును వాళ్లే తమ చేతులతో అమలు చెయ్యాలి. పెరట్లో పాత గోడ ఎందుకూ పనికిరాదు, కొట్టెయ్యాలని వాదించి నెగ్గిన పిల్ల మరునాడు తానే గునపం పట్టింది. అమలు చెయ్యలేకపోతే చావిట్లో అందరి ముందూ నిలబడి "ఓడిపోయాను" అనాలి. అందరూ ఎప్పుడో ఒకప్పుడు అన్నవాళ్లే. పైడిరత్నం మాత్రం అనలేదు. ఆ మాట తన నోట రాదని పందెం కూడా కాసేది.

అచ్చియ్యమ్మ గారికి ఒక అలవాటు. తెల్లవారుతూనే పెరట్లో గంపలెత్తి కోళ్లను వదిలేవారు. కొంగులో నూకలు పోసుకుని నేలమీద చతికిలబడేవారు. వాటితో మాట్లాడేవారు, కోపగించుకునేవారు, ఒక్కోసారి క్షమాపణ కూడా అడిగేవారు. వాటిని అమ్మింది లేదు, కోసింది లేదు. గుడ్లు పెడితే దారిన పోయే పసిపిల్లల చేతుల్లో పెట్టి పంపేసేవారు. అన్నిట్లోకీ ఆమెకు ముద్దు వడియం. పిల్లగా ఉన్నప్పుడు ఎండబెట్టిన వడియాలన్నీ పొడిచి పాడుచేసిందని దానికా పేరు. ఇప్పుడది ముసలి పెట్ట. ఎడమ కన్ను ఎప్పుడో గద్ద పొడిచేసింది. అందుకని మెడ ఓ పక్కకు వాల్చి, మిగిలిన కంటితో లోకాన్నంతా అనుమానంగా చూసేది.

ఆ ఉదయం పిల్లలంతా పళ్లు తోముకుంటూ పెరట్లోనే ఉన్నారు. పైడిరత్నం నడుం మీద చెయ్యి వేసి గురువు ఎదుట నిలబడింది.

"పంతులమ్మ గారూ, ఒక మాట అడగనా?"

"వద్దంటే మానేస్తావా?"

"వడియం గుడ్డు పెట్టడం ఎప్పుడో మానేసింది. కోస్తే ఎముకలు తప్ప ఏమీ రాదు. పోనీ పొద్దున్నే కూసి లేపుతుందా అంటే, అది పుంజు కాదు. మరి దీన్ని ఎందుకు పెంచుతున్నట్టు?"

"ఇష్టం," అన్నారు అచ్చియ్యమ్మ గారు.

"కారణం దొరకనివాళ్లే ఇష్టం అంటారని మీరే చెప్పారు!"

పెరడంతా గొల్లుమంది. గౌరీశ్వరి అనే మెత్తని పిల్ల ఒక్కతీ వడియం తరఫున ముందుకొచ్చింది. "పాపం, కన్ను లేదు కదే," అంది.

"అలాగైతే సంతలో గంపల కింద ఉన్నవన్నీ పాపమే. అన్నిటినీ తెచ్చి నీ పక్కలో పడుకోబెట్టుకో."

"అది మనల్ని గుర్తుపడుతుంది."

"మనల్ని కాదమ్మా, నూకల్ని."

గౌరీశ్వరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పైడిరత్నం ఆగలేదు. గుడ్డు లేదు, మాంసం లేదు, పోతే మనకు నష్టం లేదు. పులుసు పెట్టుకునేవాళ్లకు ఇస్తే వాళ్ల కడుపుకైనా ఉపయోగం అని చివరి దెబ్బ కొట్టింది. కొట్టి, పంతులమ్మ గారు ఏదో ఒకటి అంటారని, దానికి తన దగ్గరున్న జవాబుతో సిద్ధంగా నిలబడింది. అచ్చియ్యమ్మ గారు కొంగు దులుపుకుని లేచారు.

"నెగ్గావు. ఇవాళ సంత ఉంది. తీసుకెళ్లు. అమ్మొద్దు, ఊరికే ఇచ్చెయ్. ఉపయోగం ఉన్నవాళ్లకి."

గురువునే గెలిచింది! ఆ మాట అందరి మొహాల్లోనూ కనిపిస్తోంది. పైడిరత్నం గుండె డప్పులా మోగింది. గంజి పెట్టిన చీర కట్టుకుని, వడియం కాళ్లు రెండూ కలిపి పట్టుకుని, తలకిందులుగా వేలాడదీసి బయల్దేరింది. సంతకు కోడిని అందరూ అలాగే తీసుకెళ్తారు మరి. దారిలో వడియం కాసేపు రెక్కలు కొట్టుకుంది, తర్వాత మానేసింది. పైడిరత్నం తన వాదాన్ని మొదటి నుంచి మళ్లీ తనకే వినిపించుకుంటూ నడిచింది. ఎక్కడా పగులు లేదు.

కొండ దిగువన సంత ఉడికిపోతోంది. ఎండుచేపల వాళ్లు, కుండల వాళ్లు, చింతపండు బుట్టలు, మధ్యలో కోళ్ల వరస. పైడిరత్నం అక్కడే నిలబడి వాదాల్లో అరిచినట్టే అరిచింది. "కోడిపెట్ట! ఊరికే ఇస్తున్నాను! కావలసినవాళ్లు పట్టుకెళ్లండి!"

నిజానికి జనం ఎగబడాలి. కాని ఒక్కొక్కరూ వెనక్కి జరిగారు.

"ఓలమ్మో, ఊరికే ఇస్తందట! ఏటో తిరకాసుంది."

"మెడ చూడు, ఎలా వాల్చీసిందో."

"కళ్లు కూడా తేలీసింది. తెగులు! కొక్కెర తెగులు!"

ఆ మాట కోళ్ల వరసలో నిప్పురవ్వలా పడింది. ఆ తెగులు వస్తే ఊళ్లో ఒక్క కోడి మిగలదని పసిపిల్లలకు కూడా తెలుసు. బేరం మీదున్న ఆడవాళ్లు చేతిలో కోళ్లను గంపల మీదే వదిలేసి దూరంగా వెళ్లిపోయారు. సన్నేసప్పడు అనే కోళ్ల వర్తకుడు కర్ర పట్టుకుని లేచి వచ్చాడు. కోపంతో కాదు, భయంతో. గంపల కింద ఉన్నదంతా వాళ్ల ఇంటి తిండే.

"ఓ పాపా, దాన్ని బేగి మెడ తిప్పీ. గోతిలో పారీసి సున్నం జల్లుతాం. మా కడుపులు కొట్టకు."

"దీనికి తెగులు లేదు!"

"లేకపోతే ఊరికే ఎందుకిస్తన్నావు?"

"ఇది గుడ్డు పెట్టదు కాబట్టి."

"పోనీ మాంసం ఉందేటి?"

"లేదు."

"గుడ్డెట్టదు, మాంసం లేదు, ఊరికే ఇచ్చీసినా నీకు నష్టం లేదు. మరి చంపీస్తే నీకేటి?"

చుట్టూ ఉన్నవాళ్లంతా "అదీ! సరిగ్గా అడిగావు మావా!" అన్నారు. ఆ మాటలు పైడిరత్నంవే. ఉదయం ఆమె చెక్కి నిలబెట్టినవే, అదే వరసలో, అంతే నున్నగా, ఇప్పుడు వడియం మెడ మీదికి వస్తున్నాయి. ఎక్కడ పగులుందా అని వెతికింది. తాను పగులు లేకుండా కట్టింది కదా! సన్నేసప్పడి చెయ్యి ముందుకు వచ్చింది. అప్పుడామె ఆలోచించలేదు. తలకిందులుగా ఉన్న పెట్టను ఒక్కసారి పైకి లాగి, రెండు చేతులతోనూ గుండెకు అదుముకుంది. రెక్క కింద ఎక్కడో చిన్న గుండె, ఆమె గుండెకంటే వేగంగా కొట్టుకుంటోంది.

"ఉండండి! జబ్బు కోడి గింజ ముట్టదు, అవునా? ఇది తింటే ఒప్పుకుంటారా?"

"తింటే ఒప్పుకుంటాం. తినమను చూద్దాం."

ఎవరో గుప్పెడు నూకలు నేల మీద పోశారు. పైడిరత్నం పెట్టను కిందికి దించింది. వడియం కదల్లేదు. దారంతా వేలాడి వేలాడి దానికి తల తిరుగుతోంది. పైగా నూకలు పడ్డది గుడ్డికన్ను వైపు. "చూశావా!" అన్నారు జనం. అప్పుడు పైడిరత్నం చేసిన పని ఆ ఇంటి పిల్లలెవరూ చూసినా నమ్మేవారు కాదు. గంజి చీరతో సంత దుమ్ములో చతికిలబడింది. కుడికంటి వైపుకు జరిగింది. నూకలు అరచేతిలో వేసుకుని, పంతులమ్మ గారు పిలిచినట్టే, ఆ రాగంతోనే పిలిచింది.

"బ్బా... బ్బా... నా తల్లి కదూ, నా వడియం కదూ... బ్బా..."

ఎవరో కిసుక్కున నవ్వారు. "వడియమా? వడియాన్ని వేపుకు తినాలి గాని పిలుస్తారేటమ్మా?" పైడిరత్నం వినలేదు. ఎటు కూర్చుంటే అది వస్తుందో, ఏ గొంతుకు పలుకుతుందో, అరచెయ్యి ఎంత ఎత్తులో పెట్టాలో, ఇవన్నీ తనకు తెలుసని తనకే ఆ క్షణం దాకా తెలియదు. రోజూ పళ్లు తోముకుంటూ వెక్కిరించడానికే చూసింది. అయినా చూసింది. వడియం మెడ ఎత్తింది. ఒక అడుగు వేసింది. ఆగింది. ఒంటికంటితో ఆమెను ఎగాదిగా చూసి, అరచేతిలో టకటకా పొడవడం మొదలుపెట్టింది!

"తింటంది! ఓలప్పా, ఎలా తింటందో చూడండి!" సంత ఒక్కసారిగా ఊపిరి వదిలింది. నవ్వులు, కేకలు. దూరంగా నిలబడ్డ బేరగాళ్లు మళ్లీ గంపల దగ్గరికి వచ్చారు. సన్నేసప్పడు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. ఆ సంతోషంలోనే చెయ్యి చాపాడు.

"బాగానే ఉంది పాపా, నాదే పొరపాటు. మరి ఇచ్చీ. ఊరికే అన్నావు కదా. ముసల్దైనా పులుసుకు రుచిగానే ఉంటాది."

అదీ సంగతి! ఉపయోగం ఉన్నవాడు దొరికాడు. న్యాయంగా అడిగాడు. తీర్పు అమలు కావడానికి చెయ్యి చాపితే చాలు. ఇంటికెళ్లి తల ఎత్తుకుని చావిట్లోకి నడవచ్చు.

"ఇవ్వను," అంది పైడిరత్నం.

"అదేటి? ఇంతసేపూ నువ్వే కదా అరిచావు!"

"అరిచాను. ఇవ్వను."

"ఎందుకివ్వవు? కారణం చెప్పు."

జనమంతా ఆమె మొహంలోకి చూశారు. పైడిరత్నం వడియం మొహంలోకి చూసింది. దాని ముక్కుకు ఒక నూక అంటుకుని ఉంది. "కారణం లేదు మావయ్యా," అని, పెట్టను ఎత్తుకుని జనాన్ని తోసుకుంటూ కొండదారి పట్టింది. వెనక నవ్వారో తిట్టారో ఆమెకు తెలియదు. ఆమె దాదాపు పరుగెడుతోంది. చీర కుచ్చిళ్ల నిండా దుమ్ము, జుట్టు ఊడింది, కళ్లు మెరుస్తున్నాయి. ఓడిపోతే ఇలా ఉంటుందని ఆమెకెవరూ చెప్పలేదు.

చావిట్లో పిల్లలు ఎదురు చూస్తున్నారు. గౌరీశ్వరి ఆమె చేతుల్లోకి చూసి ఒక్క గెంతు గెంతింది. పైడిరత్నం నడిమధ్యకు వచ్చి నిలబడింది. ఆ మాట తన నోట రాదని పందెం కాసిన పిల్ల, ఎవరూ అడక్కుండానే, గట్టిగా అంది.

"ఓడిపోయాను."

"ఎవరి మీద?" అంది గౌరీశ్వరి. "ఏ వాదం మీద ఓడావు? ఆ వాదమేదో చెప్పవే, నేను పొద్దున్నుంచీ వెతుకుతున్నాను."

పైడిరత్నం గురువు వైపు తిరిగింది. "నాకు తెలియదు పంతులమ్మ గారూ. మీరు చెప్పండి."

అచ్చియ్యమ్మ గారు ఉదయం ఆ పెట్ట ఇంట్లోంచి ఎలా వెళ్లిందో చూసిన కళ్లతోనే, ఇప్పుడది ఆ పిల్ల మోచేతి ఒంపులో ఎలా కూర్చుందో చూశారు. వడియం అప్పటికే కన్ను మూసి కునుకు తీస్తోంది.

"పొద్దున అడిగావే, ఆ ప్రశ్న మంచిదే. మళ్లీ అడుగు రత్నం," అన్నారు. "అయితే ఈసారి దాన్ని కింద దించకుండా అడుగు."

పైడిరత్నం అడగలేదు. దించనూ లేదు.

ఇక మీరు. మొదట్లో నేనడిగిన ప్రశ్న మీ దగ్గరే ఉంది. మీ గుమ్మం దగ్గర ఉన్న ప్రాణి గురించి అడగండి, తప్పులేదు. కాని ముందు వంగండి, రెండు చేతులతో ఎత్తుకోండి. ఎత్తుకుని అడగండి.